ముసవ్విర్ జంగు

దక్కనులో ఛాయాచిత్రకళ మాట వచ్చినప్పుడు మొట్టమొదట స్ఫురించే పేరు రాజా దీన్ దయాళ్. అయితే ఆయన పుట్టుకచేత దక్కనువాడు కాడు. చదువుచేత ఛాయాగ్రాహకుడూ కాడు. 1844లో మీరట్ సమీపాన గల సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగు కళాశాలలో విద్య ముగించి, 1866లో ఇందూరు చేరి, మరమ్మతు శాఖలో కట్టడాలకు నక్షాలు గీయడం, ఖర్చుల అంచనాలు కట్టడం ఉద్యోగంగా స్వీకరించాడు. గోడ నిలువు, కమాను వంపు, స్తంభాల నడిమి దూరం - వీటిని కొలవడమే ఆయన నిత్యకృత్యం. ఈ కొలతల చూపు కడదాకా ఆయనను విడువలేదు.

కెమేరా చేతబట్టింది 1874లో, ముప్పది ఏండ్ల ప్రాయంలో. ఆ రోజులలో ఈ విద్య సుఖమైనది కాదు. గాజు పలకకు కొలోడియను పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమేరాలో పెట్టి చిత్రం తీయాలి. వెంటనే చీకటి గుడారంలోకి పోయి కడగాలి. వేసవి ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? కనుక ఛాయాగ్రాహకుడు ఎక్కడికి వెళ్ళినా గుడారం, సీసాలు, నీళ్ళు, కూలీలు వెంట నడవవలసిందే. పైగా పలకకు కొన్ని క్షణాలపాటు వెలుతురు తగలాలి. ఆలోగా కదిలిన మనిషి పటంలో పొగమంచువలె మిగులుతాడు, లేదా బొత్తిగా మాయమవుతాడు. నాటి వీధి దృశ్యాలు పెక్కింట జనం కనబడకపోవడానికి కారణం వీధిలో జనం లేకపోవడం కాదు.

మధ్య భారతంలో గవర్నరు జనరలు ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ, ఇందూరు మహారాజు తుకోజీరావు హోల్కరు ఆయనను ప్రోత్సహించారు. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో బుందేల్‌ఖండు పర్యటించి అక్కడి కోటలను, దేవాలయాలను చిత్రించాడు. పిమ్మట చిక్కు ప్రశ్న ఎదురైంది. ఒక ప్రక్క సర్కారు కొలువు, నెలనెలా జీతం; మరొక ప్రక్క విలువైన యంత్రాలు, పగిలిపోయే గాజు, రాజుల దయపై ఆధారపడిన బేరం. ఆయన తొందరపడలేదు. అంచనాలు కట్టినవాడు గదా! మొదట దీర్ఘకాలం సెలవు తీసుకొని చూచాడు. తరువాతనే ఉద్యోగం వదలుకొన్నాడు.

1886 ప్రాంతంలో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ఆ స్థల నిర్ణయంలో వర్తకుని వివేకం కనిపిస్తుంది. ఒక వంక ఆంగ్లేయుల దండు - అధికారులు, వారి కుటుంబాలు, కవాతులు, గుర్రపు పందెములు. హుస్సేనుసాగరం దాటితే నిజాము కొలువు. 1874లోనే రైలు వచ్చి ఉన్నది. అప్పటికి పొడి పలకలు కూడా బజారుకు వచ్చాయి. వాటి ఉపాయం 1871లో మాడక్స్ అనే ఆంగ్ల వైద్యుడు కనిపెట్టినది. ముందుగా సిద్ధమైన పలకలను పెట్టెలో తీసుకుపోయి, తీరికగా ఇంటికి వచ్చి కడుగుకోవచ్చు; కనురెప్పపాటు వెలుతురు చాలు. ఏనుగు మీద ఊరేగింపూ, కదిలే సేనా పటంలో నిలవడం అప్పుడు సాధ్యమైంది.

కాని పెట్టె చిన్నదైతే సరిపోయేది కాదు. నాడు పలకను కాగితానికి ఆనించి ఎండలో అచ్చు తీసేవారు. పలక ఎంతో పటమూ అంతే. గోడకు తగిలించదగిన పటం కావాలంటే అంత పెద్ద గాజూ, అంత పెద్ద కెమేరా, దానికి ముక్కాలి పీటా తప్పవు. ఇక కటకం. పెట్జ్‌వాల్ 1840లో రూపొందించిన ముఖచిత్రపు కటకం వెలుతురును ధారాళంగా రానిస్తుంది. కొద్ది క్షణాలలో ముఖం తేటగా పడుతుంది, అంచులు మాత్రం మసకబారతాయి. కూర్చున్న నవాబుకు అది గుణమే, కట్టడానికి దోషం. 1866లో లండనులో డాల్‌మేయరు చేసిన జంట కటకం సరళరేఖను సరళరేఖగానే చూపుతుంది. వెలుతురు మాత్రం తక్కువ. ఇరుకు వీధిలో వెనుకకు జరుగ వీలు లేనప్పుడు విశాలంగా చూచే కటకం కావాలి. కెమేరాను పైకి వంచితే మీనారులు వెనుకకు పడిపోతున్నట్లుంటాయి. వంచక కటకపు పలకను మాత్రమే పైకి జరపడం తెలిసినవాని ఉపాయం. దీన్ దయాళ్ తీసిన చార్మినారు నిటారుగా నిలిచి ఉంటుంది. నక్షాలు గీసిన చేయి అక్కడ తెలిసిపోతుంది.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించి, రాజా ముసవ్విర్ జంగు అనే బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. స్వయంగా కవి అయిన నిజాము ఆయనపై ఒక ద్విపద కూడా చెప్పాడు. 1892లో పరదా స్త్రీల కోసం దీన్ దయాళ్ వేరే స్టూడియో ఏర్పరచి, ఒక ఆంగ్ల వనిత చేత నడిపించాడు. 1897లో విక్టోరియా రాణి నియామక పత్రం లభించింది.

విందులు, వేటలు, మహలులు - ఇవే ఆయన పేరు నిలిపినవని పలువురి అభిప్రాయం. అది సగం మాట. 1899-1900 నాటి కరవులో ఔరంగాబాదు ప్రాంతపు సహాయ కార్యాలను చూపడానికి తీసిన పటాలు ఉన్నాయి. ఎముకలు తేలిన స్త్రీలు, పిల్లలు వరుసగా నిలబడి కటకంలోకి చూస్తుంటారు. ఆ పని సర్కారు దాతృత్వాన్ని చాటడానికే ఉద్దేశించినది, సందేహం లేదు. అయినా ఏ తేటదనంతో నవాబుల కిరీటపు రత్నాలు పడ్డాయో, ఆ తేటదనంతోనే ఆ డొక్కలూ పడ్డాయి. కొలిచి చూచే కన్ను ఇక్కడ కూడా దేనినీ మెత్తబరచలేదు. దక్కను చరిత్ర చదివేవారికి దర్బారు పటాలకంటె ఈ కొన్నే విలువైనవి.

1904లో కుమారుడు ధరమ్‌చంద్ మరణించాడు. మరుసటి ఏడు, 1905 జూలైలో, దీన్ దయాళ్ కన్నుమూశాడు. రెండవ కుమారుడు జ్ఞానచంద్, తరువాతి తరాలవారు గాజు పలకలను భద్రపరచుకొంటూ వచ్చారు. వాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. వేలి గోటికే గీత పడే ఆ పూత మీద, తలక్రిందులుగా కాక నిలువుగా, చార్మినారు ఇప్పటికీ ఉన్నది.