థామస్ చామర్స్ – ఇరువదియైదు వాడలు

థామస్ చామర్స్ దొరగారు 1780లో స్కాట్లండు దేశమందలి ఆన్‌స్ట్రూథర్ అను సముద్రతీరపు ఊరిలో జన్మించిరి. 1803లో కిల్మనీ సంఘమునకు కాపరియై, 1815లో గ్లాస్గో పట్టణము చేరిరి. ఆయన ప్రసంగములకు జనులు క్రిక్కిరిసి వచ్చెడివారు. అయితే మాకు అంతకంటె నచ్చినది ఆయన ఇంటింటికి తిరిగిన కాలినడక.

1819లో సెయింట్ జాన్స్ అను క్రొత్త పేట ఆయనకు అప్పగింపబడెను. అందు సుమారు 10,000 మంది. ఆయన దానిని 25 వాడలుగా విభజించి, వాడకొక డీకనును నియమించిరి. ఎవరైనను సహాయమడిగినయెడల డీకను ఆ యింటికే పోయి విచారింపవలెను: వయస్సెంత? పనిచేయు సత్తువ యున్నదా? బిడ్డలెక్కడ? ఇరుగుపొరుగువారు కనిపెట్టుచున్నారా? ఆ దేశపు చట్టము ప్రకారము ధర్మము ముఖ్యముగా ముసలివారికిని అశక్తులకును చెందినది గనుక, డీకనులు వృద్ధుల గడపలు త్రొక్కక తప్పలేదు.

బంధువులున్నచో భారము మొదట వారిదేయని ఆయన పట్టు. ఇందులో కొంత కాఠిన్యమున్నదని మా తలంపు. కొడుకు కూడు పెట్టుటలేదని చెప్పుకొన సిగ్గుపడి, పస్తుండి మిన్నకుండు తల్లులను మన పల్లెలలో మనమెరుగుదుము. యెరూషలేము సంఘములో సయితము విధవరాండ్ర సంగతి సణుగు పుట్టిన తరువాతనే బయటపడెను (అపొ. కార్య. 6).

1823లో ఆయన సెయింట్ ఆండ్రూస్‌లో ఆచార్యులుగా వెళ్లిరి. వాడల ఏర్పాటు 1837 వరకు నడిచెను. ఆయన 1847లో నిద్రించిరి.