కసూరులో పుట్టి బషీర్‌బాగ్‌లో కన్నుమూసిన మహాగాయకుడు

షంషాబాద్ : విమానాశ్రయం వచ్చిన తర్వాత షంషాబాద్ పేరు దేశదేశాలలో వినిపిస్తోంది. కాని ఈ పేరు చాలా పాతది. నిజాం కాలంలో ఈ ప్రాంతం పాయిగా అమీర్ల ఏలుబడిలో ఉండేది. వారి షంస్-ఉల్-ఉమరా బిరుదును బట్టే ఊరికి ఈ పేరు వచ్చిందని చెబుతారు. ఆ పాయిగా వంశం వారికే నగరంలో బషీర్‌బాగ్ ప్యాలెస్ ఉండేది. హిందుస్తానీ సంగీతంలో మేటి గాయకుడనిపించుకున్న ఉస్తాద్ బడే గులాం అలీఖాన్ 1968లో ఆ ప్యాలెస్‌లోనే తుదిశ్వాస విడిచారు. ఎక్కడో పంజాబులో పుట్టిన ఆయన హైదరాబాదు మట్టిలో కలిసిన వైనం తెలుసుకోదగినది.

బాల్యం, శిక్షణ

ఆయన 1902 ఏప్రిల్ 2న కసూరులో జన్మించారు. లాహోరుకు దగ్గరగా ఉన్న ఆ పట్టణం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి అలీ బక్ష్ ఖాన్ కూడా గాయకులే. వారిది పాటియాలా ఘరానా. ఘరానా అంటే గురుశిష్య పరంపరగా ఒకే బాణీని కాపాడుకుంటూ వచ్చే సంగీత సంప్రదాయం. గులాం అలీ పసితనంలోనే తండ్రి సోదరుడు కాలేఖాన్ వద్ద, తర్వాత తండ్రి వద్ద పాట నేర్చుకున్నారు. మొదటి రోజుల్లో సారంగి వాయిస్తూ ఇతరుల కచేరీలలో వెనుక కూర్చున్నారు. 1938లో కలకత్తాలో చేసిన కచేరీ ఆయనకు పేరు తెచ్చింది. 1944లో బొంబాయి సంగీత సభలో పాడిన తర్వాత దేశమంతటా పిలుపులు వచ్చాయి.

సామాన్యుని కోసం

ఆయన భారీ విగ్రహం, పెద్ద మీసాలతో చూడటానికి మల్లయోధుడిలా ఉండేవారు. గొంతు మాత్రం వెన్నలా ఉండేది. మూడు స్థాయిలలోనూ అది అవలీలగా తిరిగేది. చేతిలో స్వరమండల్ మీటుకుంటూ పాడటం ఆయన అలవాటు. రాగాన్ని గంటల తరబడి ఆలపిస్తే పండితులు మెచ్చుకోవచ్చు గాని, మామూలు జనానికి ఓపిక ఉండదని ఆయన గ్రహించారు. అందుకే ఆలాపన తగ్గించి, తీయదనం పెంచి పాడారు. భావం ప్రధానంగా సాగే ఠుమ్రీ పాటలకు ఆయన తెచ్చిన ఆదరణ ఇంతా అంతా కాదు. సబ్‌రంగ్ అనే పేరుతో స్వయంగా పాటలు కట్టారు. ముస్లిం అయినా హరి భజనలు భక్తితో పాడారు.

రెండు దేశాల నడుమ

1947లో దేశం రెండు ముక్కలయింది. పుట్టిన ఊరు సరిహద్దుకు ఆవల, కచేరీలకు పిలిచే ఊళ్లు ఈవల మిగిలాయి. మొదట ఆయన పాకిస్తాన్‌లోనే ఉన్నారు. కాని మనసు నిలవలేదు. సొంత ఊరిని వదులుకుని మళ్లీ ఇటు వచ్చారు. 1957లో, మొరార్జీ దేశాయి తోడ్పాటుతో భారత పౌరసత్వం లభించింది.

సినిమాలలో పాడటానికి ఆయన చాలా కాలం ఒప్పుకోలేదు. మొఘల్-ఏ-ఆజం తీస్తున్న కె. ఆసిఫ్ పట్టువదలకపోతే, ఆయనను వదిలించుకోవడానికి పాటకు 25 వేల రూపాయలు అడిగారని చెబుతారు. పేరున్న నేపథ్య గాయకులకు పాటకు 500 రూపాయలు కూడా ముట్టని రోజులవి. ఆసిఫ్ వెంటనే సరేనన్నారట. నౌషాద్ సంగీతంలో సోహ్ని, రాగేశ్రీ రాగాలలో ఆయన రెండు పాటలు పాడారు. 1960లో చిత్రం విడుదలయింది. తెరపై తాన్‌సేన్ పాత్రకు వినిపించే గొంతు ఆయనదే. 1962లో పద్మభూషణ్, సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చాయి.

చివరి మజిలీ

ఇంతలో పక్షవాతం దెబ్బ తీసింది. చేయి, కాలు స్వాధీనం తప్పితే గాయకుడి పని అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. ఆయన అలా అనుకోలేదు. మళ్లీ సాధన చేసి, కుమారుడు మునవ్వర్ అలీఖాన్ ఆసరాతో వేదిక ఎక్కారు. గుక్క తిప్పుకోలేని చోట కొడుకు అందుకునేవాడు. చివరి వరకు పాట మానలేదు.

ఆఖరి రోజుల్లో ఆయనకు బషీర్‌బాగ్ ప్యాలెస్ నీడ అయింది. 1968 ఏప్రిల్ 23న అక్కడే కన్నుమూశారు. పాతబస్తీలోని దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి చేశారు. చార్మినార్ కట్టిన కాలంలో కుతుబ్‌షాహీ ప్రధానిగా ఉన్న మీర్ మోమిన్ సమాధి కూడా అక్కడే ఉంది.

ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. బషీర్‌బాగ్ ప్రధాన రహదారికి మాత్రం ఉస్తాద్ పేరు పెట్టారు. పనుల మీద నగరానికి వెళ్లే మన పల్లెల వారు ఆ దారిన ఎన్నోసార్లు నడిచి ఉంటారు. పుట్టిన నేలను వదులుకున్న గాయకుడికి, తన పాట విన్న నేలే చివరకు ఆరడుగుల చోటు ఇచ్చింది.