రామానుజన్‌కు దక్కిన విద్యార్థి వేతనము

గణితశాస్త్రజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించి కుంభకోణములో పెరిగెను. 1904లో అచ్చటి ప్రభుత్వ కళాశాలలో విద్యార్థి వేతనముతో చేరెను. కాని గణితము తప్ప తక్కిన పాఠములపై ఆతని మనసు నిలువలేదు. ఆంగ్లమున తప్పుటచే వేతనము పోయెను. 1905లో ఇల్లు విడిచి విశాఖపట్టణమునకు వెడలిపోయెను. పిమ్మట మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చదివినను ఎఫ్.ఏ. పరీక్ష గట్టెక్కలేదు.

పట్టము లేని ఆ యువకుని గణితాభిమానులు ఆదరించిరి. భారత గణిత సంఘ స్థాపకుడు రామస్వామి అయ్యరు ఆతని నోటుపుస్తకములను చూచి ఆశ్చర్యపడెను. నెల్లూరు కలెక్టరు రామచంద్రరావు నెలనెల ధనసహాయము చేసెను. 1911లో ఆ సంఘ పత్రికలో రామానుజన్ తొలి వ్యాసము వెలువడెను. 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పని దొరికెను.

1913లో కేంబ్రిడ్జి పండితుడు హార్డీ ఆతని లేఖను చదివి ఆసక్తితో బదులు వ్రాసెను. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధక వేతనము ఎం.ఏ. పట్టభద్రులకే ఉద్దేశింపబడినది. అయినను ఆ యేడే విశ్వవిద్యాలయము వారు రామానుజన్‌కు నెలకు 75 రూపాయలు రెండేండ్లపాటు మంజూరు చేసిరి. మూడు మాసములకొక నివేదిక సమర్పించుట ఆతని విధి. గుమాస్తాగిరి తప్పి, దినమంతయు గణితమునకే దక్కెను. 1914లో కేంబ్రిడ్జి చదువునకు ఏటికి 250 పౌనులు ఇచ్చినదియు ఆ విశ్వవిద్యాలయమే.

1918లో రామానుజన్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1920 ఏప్రిల్ 26వ తేదీన, 32 ఏండ్ల ప్రాయముననే కన్నుమూసెను. నియమములు పెక్కుమంది విద్యార్థులకు మేలు చేయును. ఈ ఒక్కని విషయమున మాత్రము నియమమును సడలించుటయే విద్యకు మేలయ్యెను.