కీర్తికి జడిసిన గాయకుడు

పేరు రాక కృశించిన కళాకారుల కథలు లోకమున పెక్కు గలవు. పేరు వచ్చిన పిమ్మట దాని బరువు మోయలేక కృశించినవారి కథలు కొన్నియే. అమెరికా దేశపు గాయకుడు కర్ట్ కోబేన్ చరిత్ర ఈ రెండవ తెగకు చెందినది. అతడు బ్రతికినది ఇరువదియేడు సంవత్సరములు. అందు ప్రపంచ మెరిగిన గాయకుడుగా బ్రతికినది మూడేండ్లకు లోపే.

కోబేన్ 1967వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన వాషింగ్టన్ రాష్ట్రమునందలి అబర్డీన్ పట్టణమున జన్మించెను. అది పసిఫిక్ తీరమునకు చేరువనున్న ఊరు, వానలు మెండు, కలప కోత అచ్చటివారికి ముఖ్యమైన జీవనాధారము. తండ్రి మోటారు బండ్లు బాగుచేయువాడు. బాలునకు పసితనము నుండియు బొమ్మలు గీయుటయందును పాడుటయందును మక్కువ హెచ్చు. అతనికి తొమ్మిదవ ఏట తల్లిదండ్రులు విడిపోయిరి. అంతవరకు తుళ్లుచు తిరిగిన పిల్లవాడు మౌని యయ్యెను. కొన్నాళ్లు తండ్రి యింట, కొన్నాళ్లు తల్లి యింట, మరి కొన్నాళ్లు బంధువుల యిండ్ల గడపవలసి వచ్చెను. పదునాలుగవ ఏట మేనమామ ఒక పాత గిటారును కానుకగా నిచ్చెను. ఆ బాలునకు నిలుకడగా తోడు నిలిచినది అదియే.

1985లో ఉన్నత పాఠశాల చదువు ముగియుటకు కొలది వారములే యుండగా, పట్టా చేతికి రాదని తెలిసి అతడు బడి మానెను. పొట్టకూటికై ఒక పాఠశాలలో ఊడ్చి తుడుచు పనియు చేసెను. 1987లో క్రిస్ట్ నోవసెలిక్ అను మిత్రునితో కూడి వాద్యబృందము నొకదానిని నెలకొల్పెను. దానికి తుదకు స్థిరపడిన పేరు నిర్వాణ. బౌద్ధ గ్రంథములలో వెలసిన మన దేశపు మాటయే అది. దుఃఖము నుండి విముక్తిని కోరిన యువకునకు ఆ పేరు నచ్చుటలో వింత లేదు.

బడా కంపెనీల వ్యాపార ధోరణికి వెలుపల, కళాశాలల రేడియోలును చిన్న కంపెనీలును ఆధారముగా పెరిగిన రాక్ సంగీతమునకు ఆల్టర్నేటివ్ రాక్ అని పేరు. నిర్వాణ బృందపు మొదటి ఆల్బము ‘బ్లీచ్’ 1989లో వెలువడెను. దాని రికార్డింగునకు పట్టిన వ్యయము ఆరువందల డాలర్లకు కొంచెము మించినది. 1990లో డేవ్ గ్రోల్ అను డోలు వాద్యకారుడు వారితో చేరెను. 1991 సెప్టెంబరులో ‘నెవర్‌మైండ్’ అను రెండవ ఆల్బమును పెద్ద కంపెనీ విడుదల చేసెను. 1992 జనవరిలో అది మైకేల్ జాక్సన్ ఆల్బమును త్రోసి అమెరికాలో మొదటి స్థానము నాక్రమించెను.

ధనము వచ్చెను, ఇంటింట పేరు మ్రోగెను, మనశ్శాంతి మాత్రము పోయెను. చిన్ననాట తన్ను ఎగతాళి చేసిన మొరటు బాలురవంటివారే నేడు తన పాటలకు చిందులు వేయుట చూచి కోబేన్ కలతచెందెను. 1992 చివర వెలువడిన ఒక సంకలనమునకు వ్రాసిన మాటలలో, వర్ణద్వేషులును స్త్రీలను హీనముగా చూచువారును తమ రికార్డులను కొనవలదని కోరెను. అమ్మకము తగ్గినను సరే, ఆత్మ చంపుకొనరాదని అతని పట్టుదల. ఆ యేటనే వివాహమాడి, ఒక ఆడుబిడ్డకు తండ్రి యయ్యెను. కాని ఎడతెగని కడుపునొప్పియు, హెరాయిన్ వ్యసనమును అతనిని లోలోపల తినివేయుచుండెను.

ఇట్టి స్థితిలో 1993 ఫిబ్రవరిలో మూడవ ఆల్బమునకు పూనుకొనెను. దాని పేరు ‘ఇన్ యుటిరో’. లాటిన్ భాషలో మాతృగర్భమున అని అర్థము. మిన్నెసోటా రాష్ట్రమున ఊరికి దూరముగా మంచుపట్టిన చోట నున్న స్టూడియోను మారుపేరుతో కుదుర్చుకొనిరి. రికార్డు చేయుటకు స్టీవ్ ఆల్బినీని పిలిచిరి. ఇతడు విచిత్రమైన మనుష్యుడు. ప్రతి రికార్డుపై వచ్చు రాయల్టీని పుచ్చుకొనుట పాడినవారి సొమ్ము కాజేయుటయే యని తలచి, కుళాయి బాగుచేయు పనివానివలె చేసిన పనికి కూలి మాత్రము చాలు ననెను. మెరుగులు దిద్దుట అతనికి గిట్టదు. గదిలో డోలు మ్రోగిన తీరు, గొంతు చీలిన తీరు యథాతథముగా పట్టుటయే అతని పద్ధతి. రెండు వారములలో పని ముగిసెను.

కంపెనీవారికి ఆ కరకుదనము రుచింపలేదు. కోబేన్‌కును గాత్రము, బాస్ గిటారు స్పష్టముగా వినబడుట లేదని తోచెను. పెనగులాట పిమ్మట రెండు పాటలను మాత్రము వేరొకనిచే సవరింపజేసిరి. తక్కినవి ఆల్బినీ చేసినట్లే చాలవరకు నిలిచెను. ఆ సెప్టెంబరున వెలువడిన ఆల్బము తిన్నగా మొదటి స్థానమునకే చేరెను. ఒప్పించుటకు పాడని పాటను గూడ జనులు విందురని రుజువయ్యెను.

నవంబరులో న్యూయార్కు నగరమున, టెలివిజన్ కొరకు, హోరు తగ్గించి సన్నని స్వరమున పాడెను. అందు తుదిపాట లెడ్ బెల్లీ అను నల్లజాతి గాయకుడు ప్రచారమునకు తెచ్చిన పాత జానపద గేయము. అతని కరకు ధ్వని వెనుక ఎంతటి ఆర్తి యున్నదో నాడు పలువురకు తెలిసెను.

1994 ఏప్రిలు మొదటి దినములలో చికిత్సాలయము నుండి వెడలిపోయి, 5వ తేదీన సియాటిల్‌లోని తన యింట ప్రాణములు తీసికొనెను. ఆ మరణమును కళకు తలమానికముగా పొగడువారు గలరు. అది తప్పు. వ్యాధియు, మత్తుమందును, దిగులును కలిసి ఒక తండ్రిని పసిబిడ్డకు దూరము చేసినవి. అతడు పాడవలసిన పాటలను మ్రింగినవి. చికిత్స నిలిచియున్న, తోడు దొరకియున్న, కథ వేరుగా నుండెడిదేమో!

ప్రతి తరగతిలోను వెనుక బల్లపై కూర్చుండి, పుస్తకపు అంచున బొమ్మలు గీయుచు, ఎవరితోను మాటాడని బాలు డొకడుండును. వాని చేతికి గిటారు నిచ్చుటకు అబర్డీన్‌లో ఒక మేనమామ దొరకెను. వాని మౌనమును విని, దగ్గర కూర్చుండి పలుకరించువారు గూడ కావలెను.