పంచమికై నిరీక్షించిన నాగరత్నమ్మ

పుష్యమాసము ప్రవేశించినది మొదలు సంగీతభక్తులు దినములు లెక్కించుకొనుచుందురు. పౌర్ణమి గడచిన ఐదవనాడు బహుళ పంచమి. అది త్యాగరాజస్వామి సిద్ధిపొందిన పుణ్యతిథి. సోంపేట మొదలు తిరుపతి వరకు ఏ ఊర నున్న తెలుగువారైనను ఆ కీర్తనలను తమ మాతృభాషలోనే ఆలకింతురు. వాని ఆరాధనోత్సవమునకు కేంద్రము మాత్రము తంజావూరు సమీపమున, కావేరీతీరమందలి తిరువయ్యారు.

ఈ దినగణనమునకు మూలము స్వామి జీవితమునందే కలదు. శ్రీరాముడు దర్శనమిచ్చి, పది దినములలో తన సన్నిధికి చేర్చుకొందునని అభయమొసగినట్లు సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. స్వామి సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6న రామునిలో ఐక్యమందిరి. ఆయన నిరీక్షణము పది దినములది. ఆయన సన్నిధిని పాడుటకై ఒక భక్తురాలు చేసిన నిరీక్షణము సంవత్సరముల తరబడి సాగెను. ఆమెయే బెంగుళూరు నాగరత్నమ్మ.

ఆమె 1878లో మైసూరు ప్రాంతమందలి నంజనగూడున, పుట్టలక్ష్మి యను దేవదాసికి జన్మించెను. బాల్యముననే తల్లిని కోల్పోయినను సంగీతమును, భాషలను శ్రద్ధతో అభ్యసించి, మద్రాసు చేరి గాయనిగా విఖ్యాతి గాంచెను. ఆమెకు తెలుగు సాహిత్యమునందు గాఢమైన ప్రవేశము కలదు. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రచనను 1910లో పరిష్కరించి ప్రకటించి, అందులకై నిందలను సైతము ధైర్యముతో సహించెను.

త్యాగరాజస్వామి సమాధిని 1903లో శిష్యులు ఉద్ధరించి యుండిరి. అయినను కాలక్రమమున అది మరల ఆలనాపాలన లేక పాడువడెను. 1921లో ఈ సంగతి గురువైన బిడారం కృష్ణప్పగారి వలన నాగరత్నమ్మకు తెలిసెను. స్వామి కీర్తనలచే తాను కీర్తిని, ధనమును పొందగా, స్వామి సన్నిధి శిథిలమై యుండుట ఆమె మనస్సును కలచివేసెను. తన సంపాదనను వెచ్చించి ఆ సంవత్సరముననే ఆలయమునకు పునాది వేయించి, కొలది సంవత్సరములలో ప్రతిష్ఠ జరిపించెను.

కాని ఆ ఆలయము నెదుట ఆరాధనదినమున పాడుటకు ఆమెకే అవకాశము లభింపలేదు. నాడు ఉత్సవము రెండు పక్షములుగా చీలి యుండెను. ఉభయపక్షముల వారును స్త్రీలకు గానావకాశ మీయరైరి. గుడి కట్టించినది తానే యైనను ఆమె తలుపులు మూయింపలేదు, స్వామికి దూరము కాలేదు. 1927లో తోడి గాయనీమణులను కూర్చుకొని, ఆలయము వెనుకవైపున స్త్రీల ఆరాధనను ప్రారంభించెను. ముందు నిలిచి పాడినను, వెనుక నిలిచి పాడినను ఆలకించు స్వామి యొక్కడే గదా!

పంచమి వచ్చుచుండెను, పోవుచుండెను. ప్రతి సంవత్సరము ఆమె మరల పుష్యమునకై ఎదురుచూచెను. తుదకు 1941 నాటికి పక్షభేదములు తొలగి ఉత్సవము ఏకమయ్యెను. స్త్రీలు పురుషులతోపాటు స్వామి ఎదుట పాడు భాగ్యము లభించెను. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగముల పంచరత్నములను విద్వాంసులందరు కలిసి పాడు సంప్రదాయమును ఆ కాలముననే స్థిరపడెను.

నాగరత్నమ్మ శేషజీవితమును తిరువయ్యారుననే గడపి, తన ఆస్తిని స్వామిసేవకే అంకితము చేసి, 1952 మే 19న పరమపదించెను. స్వామి సన్నిధికి చేరువనే ఆమెకును సమాధిమందిరము కలదు. ఆమె విగ్రహము నేటికిని స్వామిని సేవించుచున్నట్లే యుండును.

భగవత్సేవకు అధికారమును ఒకరు ఈయనక్కరలేదు, సేవించుటయే అధికారము. దినములు లెక్కించుచు పంచమికై వేచియుండు భక్తులు స్వామితోపాటు ఆ తల్లిని కూడ ఒక్కసారి స్మరించిన, ఆ నిరీక్షణము మరింత పావనమగును.