సవర నుడికి నిఘంటువు: గిడుగు రామమూర్తి పంతులుగారు

ఏటేట ఆగస్టు 29వ తేదీన తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. అది గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జన్మదినము. నాటి సభలలో వక్తలు వాడుకభాషకై ఆయన సల్పిన పోరాటమునే ప్రశంసింతురు. ఆ ప్రశంస యుక్తమే. కాని ఆ పోరాటమునకు పూర్వమే మొదలిడి, మైదానపు పండితులు చెవి యొగ్గని యొక కొండనుడికై ఆయన దశాబ్దములు ధారవోసిన పరిశ్రమ మఱుగున పడుచున్నది. మారేడుమిల్లి మొదలు మహేంద్రగిరి వఱకు గల తూర్పుకనుమలలో నేటికిని కొండబిడ్డలు ఇంట నొక మాటయు బడిలో మఱియొక మాటయు విని తడబడుచున్నారు. కావున ఆ పరిశ్రమను స్మరించుట మన ధర్మము.

పంతులుగారు 1863లో శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ శాఖలో నుద్యోగి. 1875లో తండ్రి జ్వరపీడితులై గతింపగా, బాలుడు విజయనగరమున మహారాజావారి పాఠశాలలో చదువుకొనెను. గురజాడ అప్పారావుగారు అచట ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులై, మఱుసటి యేట పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. అచటనే కొలువు చేయుచు పట్టపరీక్ష నిచ్చి కళాశాలలో బోధకులైరి. ముఖలింగ దేవాలయ శాసనములను స్వయముగా చదువ నేర్చి కళింగ చరిత్రను పరిశోధించిరి.

పర్లాకిమిడి సంతకు సవరలు కొండ దిగి వచ్చెడివారు. లెక్కయు పత్రమును ఎఱుగని ఆ జనము వర్తకుల చేతులలో నష్టపోవుచుండిరి. వారికి చదువు చెప్పవలెనన్నచో ముందుగా వారి మాట తాము నేర్వవలెనని పంతులుగారు నిశ్చయించిరి. సవర నేర్పు పుస్తకము ఆయనకు లభింపలేదు. అందుచే రెండు భాషలును తెలిసిన వాని నొకనిని తమ యింటనే నిలుపుకొని, వాని నోటి నుండి మాటలు విని వ్రాసికొనిరి. పిమ్మట కొండలెక్కి పల్లెలు తిరిగిరి. సవరలో వాచకములు రచించి, సొంత ద్రవ్యముతో పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతము లిచ్చిరి. ఈ సంచారములలో తగిలిన మన్యపు జ్వరమునకు కొయినా సేవించుటచే ఆయన వినికిడి శక్తి సన్నగిల్లెను. పరుల నోటి పలుకును వినుటయే వ్రతముగా గల వానికి ఇంతకన్న కఠినమైన మూల్య మేమి కలదు?

ఆయన చెవికి చిక్కిన దేమి? కొండవారి మాట క్రమము లేని కూతలని నాగరికులు తలచెడివారు. ఇంగ్లీషు చదువుకొను మన బాలురు లాటిను ధాతువులను వల్లించుట మనము చూచుచునే యున్నాము. 'పోర్ట్' అనగా మోయుట. దానికి ముందొక యుపసర్గ చేర్చినచో ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు, ట్రాన్స్‌పోర్టు పుట్టును. పదమునుండి ఉపసర్గను విడదీసినచో ధాతువు బయటపడును. ఇట్టి నియమమే, ఇంతకన్న చిత్రమైన నియమము, సవరలో గలదని పంతులుగారు కనిపెట్టిరి.

సవరలో పలు నామములకు రెండు రూపములు గలవు. తనంతట నిలుచునప్పుడు దీర్ఘరూపము; క్రియతో సమసించునప్పుడు ఒక్క అక్షరపు హ్రస్వరూపము. దున్నపోతునకు 'బొంగ్‌తెల్' అని పేరు. 'జుమ్' అనగా తినుట. రెండును కలిసినపుడు 'జుమ్‌బొంగ్' అగునే గాని తెల్ అను భాగము నిలువదు. 'పో' అనగా పొడుచుట, 'పుంగ్' కడుపు, 'కున్' కత్తి. వీనికి కాలప్రత్యయమును, నిన్ను అను అర్థమిచ్చు ప్రత్యయమును చేర్చినచో, కత్తితో నీ కడుపున పొడుచునను వాక్యార్థమంతయు ఒక్క పదమున నిముడును. తెలుగున తిను అను ధాతువు తినిపించు అగునప్పుడు ప్రేరణార్థకము వెనుక చేరగా, సవరలో అది ధాతువునకు ముందు చేరును. పదుమూడు అనుటకు పండ్రెండు మీద ఒకటి యని చెప్పుదురు. ముప్పదిమూడు అనగా ఇరువది, పండ్రెండు, ఒకటి. ఇది తెలుగునకు గాని ఒడియాకు గాని జ్ఞాతి కాదు. సంతాలీ, ముండారీ దీనికి తోబుట్టువులు. కాంబోడియా దేశపు ఖ్మేరు దూరపు చుట్టము.

మన లిపిలో ఆ నుడి పూర్తిగా ఇముడలేదు. సవర పదములు గొంతు నొక్కి పట్టిన హల్లులతో ముగియుచుండును. అందుచే పంతులుగారు పాశ్చాత్య ధ్వనిశాస్త్రము నభ్యసించి, ఆ సంకేతములతో ఒక్కొక్క పలుకును గుర్తించిరి. మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయము నుండి 1931లో సవర భాషా వ్యాకరణమును, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. అప్పటి కాయన వయస్సు డెబ్బదియైదు. నేటికిని ముండా భాషలను పరిశోధించు విద్వాంసులకు అవి ఆధారగ్రంథములు.

వ్యావహారిక వాదమున ఆయన కలిగిన ధైర్యము ఈ కొండలలో పుట్టినదే యని మా యభిప్రాయము. నోటి మాటకు నియమమున్నదని సవర పల్లెలలో తెలిసికొన్న వాడు తెలుగు రైతు మాటను తప్పులకుప్ప యని యెట్లు త్రోసివేయును? 1911లో కొలువు విరమించిన పిదప ఆయన కాల మధికముగా ఆ వాదమునకే వినియోగ మయ్యెను. 1919లో 'తెలుగు' అను పత్రికను నడపిరి. మావలె గ్రాంథికమును విడువనివారు సయితము ఆయన పాండిత్యమునకు తలయొగ్గక తప్పదు.

1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరినపుడు, దాని నంగీకరింపని పంతులుగారు అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని వీడి రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22న మద్రాసులో దివంగతులైరి. కుమారులు సీతాపతిగారు సవర పరిశ్రమను కొనసాగించిరి. 1936లోనే సవరలలో మంగై గొమాంగో తమ నుడికి ప్రత్యేక లిపిని కల్పించెను. 2011 జనగణనమున సవర మాటలాడు వారు నాలుగు లక్షలకు పైబడిరి. ఆ నుడి బ్రతికియే యున్నది.

కాని మన కర్తవ్యము తీరలేదు. మారేడుమిల్లి కొండలలో కొండరెడ్ల నుడి తెలుగే. అయినను వారి పలుకుబడి మన వాచకములది కాదు. కోయలకు తమదైన భాష గలదు. అచటి కేగు ఉపాధ్యాయుడు బిడ్డ పలుకును తప్పని దిద్దుటకు ముందు, అందలి నియమ మేమో విని తెలిసికొనవలెను. కొండ పాఠశాలలకు ఉపాధ్యాయులను పంపునపుడు ప్రభుత్వము వారికి ఆ నుడిని నేర్పి పంపవలెను. నెల జీతముపై బ్రతికిన యొక బడిపంతులు సొంత వ్యయముతో చేసిన పనిని రాష్ట్రమంతయు కలిసి చేయజాలదా? పంతులుగారికి పూలమాల వేయు చేతులు ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసి యున్నది.