చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870 ఆగష్టు 8 - 1950) ప్రముఖ తెలుగు కవి, శతావధాని, ఉపాధ్యాయుడు. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872 - 1920), ఈయన కలిసి తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధి పొందారు.

జీవిత విశేషాలు

వేంకటశాస్త్రి తూర్పు గోదావరి జిల్లా కడియంలో జన్మించాడు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద చదువుకొనే కాలంలో తిరుపతిశాస్త్రితో స్నేహం కుదిరింది. ఇద్దరూ ఆంధ్రదేశమంతటా పర్యటించి, గద్వాల, వెంకటగిరి వంటి సంస్థానాలలో అవధానాలు చేసి, పండిత గోష్ఠులకే పరిమితమై ఉన్న ఆ విద్యను సామాన్యులకు చేరువ చేశారు. తరువాత వేంకటశాస్త్రి కృష్ణా జిల్లా బందరులోని హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశాడు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేటూరి శివరామశాస్త్రి ఈయన శిష్యులలో ముఖ్యులు.

అవధానంలో కన్ను, చెవి

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఒకే సమయంలో అవధానిని పరీక్షిస్తారు. సమస్యాపూరణం, దత్తపది, నిషిద్ధాక్షరి వంటివి కవిత్వ సంబంధమైనవి. వీటితోపాటు చదరంగం ఉంటే కన్ను బల్లపై ఎత్తులను గమనించాలి. ఘంటాగణనం ఉంటే చెవి గంట మ్రోతలను లెక్కపెట్టాలి. ఈ నడుమ అప్రస్తుత ప్రసంగి అసందర్భపు ప్రశ్నలతో ఏకాగ్రతను భంగపరచడానికి ప్రయత్నిస్తాడు. కన్ను తెచ్చినదీ చెవి తెచ్చినదీ కలగాపులగం కాకుండా, దేనికది విడిగా నిలుపుకోవడమే ధారణకు పరీక్ష.

వయస్సు ప్రభావం

సాధారణంగా మెదడు దాదాపు ఒకే క్షణంలో అందిన దృశ్యాన్నీ శబ్దాన్నీ ఒకే సంఘటనగా కలుపుకుంటుంది. వార్ధక్యంలో ఈ కాలపరిమితి విస్తరిస్తుందని, కొంత ఎడంగా వచ్చిన చూపునూ ధ్వనినీ కూడా ఒకటిగా భావించే అవకాశం పెరుగుతుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. ఒక్కసారి వెలిగిన దీపంతో పాటు రెండు మ్రోతలు వినిపిస్తే, దీపం రెండుసార్లు వెలిగినట్లు తోచే భ్రమ వృద్ధులలో ఎక్కువ. అనవసరమైన శబ్దాన్ని త్రోసిపుచ్చడం కూడా కష్టమవుతుంది. అయితే ఈ కలయిక వల్ల మేలు కూడా ఉంది: వినికిడి తగ్గినవారికి ఎదుటివారి పెదవుల కదలిక మాటను అందుకోవడానికి తోడ్పడుతుంది. చిరకాలంగా అలవడిన పదసంపద, పాండిత్యం మాత్రం ఇంత త్వరగా సడలవు.

ఉత్తర జీవితం

1920లో తిరుపతిశాస్త్రి మరణించిన తరువాత కూడా వేంకటశాస్త్రి తన రచనలను జంట పేరుతోనే ప్రకటించాడు. అరవయ్యేళ్లు దాటిన తరువాత ఈయన ప్రతిభ వచన రచనలో కొత్త దారి పట్టింది. కథలు - గాథలు వ్యాసాలలో తాను చూసిన సభలు, పండితులు, సంస్థానాలు, వివాదాలను విపులంగా వర్ణించాడు. యౌవనంలో ఆయా క్షణాలలో సభను మెప్పించిన ధారణ, వార్ధక్యంలో ఒక తరం చరిత్రను భద్రపరచింది. 1949లో మద్రాసు ప్రభుత్వం ఈయనను ఆస్థానకవిగా నియమించింది. మరుసటి సంవత్సరం మహాశివరాత్రి నాడు వేంకటశాస్త్రి పరమపదించాడు.